చప్పుడు చేయని పిల్లలు

మా విభాగంలోకి ఆవిడ వచ్చినట్టు ఎవరికీ తెలిసేది కాదు. తలుపు తీసిన చప్పుడు ఉండదు, మూసిన చప్పుడు ఉండదు. పేషెంటు మోకాలు వంచుతూ తలెత్తి చూస్తే పక్కనే నిలబడి ఉండేది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన అమ్మాయిలు ఆవిడను చాటుగా పిల్లి అనేవాళ్లు. నేను మేడమ్ అనేదాన్ని.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. రియాద్‌లో మా ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు పిల్లల కోసం ఫిజియోథెరపీ విభాగం కొత్తగా తెరిచినప్పుడు, దాన్ని ఒక దారిలో పెట్టడానికి ఆవిడను స్విట్జర్లాండ్ నుంచి పిలిపించారు. నేను ఆవిడ చేతికింద పనిచేసేదాన్ని. పాస్‌పోర్టు స్విస్‌ది, పేరు ఇటలీది. మొదట్లో ఒకసారి, "మీది ఇటలీనా, స్విట్జర్లాండా?" అని అడిగాను.

"అడిగేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది" అంది. నవ్వలేదు. నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

మా ఆసుపత్రిలో పాస్‌పోర్టును బట్టి మనిషికి మర్యాద. అది ఎవరూ దాచుకునే సంగతి కాదు. అమెరికా, యూరప్ వాళ్లు గేట్లున్న కాంపౌండ్లలో ఉంటారు. మేం మలాజ్ లాంటి పాతపేటల్లో, కింద కిరాణా షాపులు, పైన బట్టలారేసిన కిటికీలు ఉన్న బిల్డింగుల్లో ఉంటాం. ఆవిడను మొదటినుంచీ ఆ గేట్ల లోపలి మనిషిగానే చూశాను. ఇటలీ అంటే నాకు తెలిసింది మంచి తోలు చెప్పులు, పిజ్జా. ఇటలీవాళ్లను కూడా ఎక్కడైనా చీదరించుకున్నారని, ఊళ్లోంచి వెళ్లగొట్టారని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. తెల్లవాళ్లలో తెల్లవాళ్లుగా లెక్కలోకి రానివాళ్లు ఉంటారని నాకు ఆవిడ వల్లే తెలిసింది. అది కూడా మా ఎదురు ఫ్లాటులో పాప వల్ల.

మాది నంద్యాల. మా ఆయన రియాద్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. మా ఎదురింట్లో రాయచోటి వాళ్లు ఉండేవారు. అతను ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రైవరు. భార్య పాతికేళ్ల పిల్ల. మెట్ల మీద కనిపిస్తే తల ఊపి వెళ్లిపోయేది. ఎదురెదురు గుమ్మాలైనా వాళ్లకొక కూతురుందని నాకు చాలాకాలం తెలియదు. ఏడుపు వినలేదు, ఆట వినలేదు, గుమ్మం ముందు చిన్న చెప్పులు చూడలేదు. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయే వచ్చి మా తలుపు మెల్లగా కొట్టింది.

"అక్కా, నువ్వు చేతులూ కాళ్లూ చూస్తావంట గదా. ఒకసారి మా ఇంటికొచ్చి పోక్కా."

లోపల మంచం మీద అయిదేళ్ల పాప కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి అలాగే నిలిచిపోయింది. పట్టుకుని చూస్తే ఎముక వంకరగా అతుక్కుందని తెలుస్తోంది.

"ఎప్పుడు ఇరిగింది?"

"రంజాన్‌కు ముందక్కా."

"ఎక్స్‌రే తీపిచ్చలేదా?"

"యాడ తీపిచ్చేదక్కా? ఆసుపత్రికి పోతే ఇకామా అడుగుతారు. దీనికి ఇకామా లేదు. నాకూ లేదు."

ఇకామా అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. డ్రైవరు పనికి వచ్చినవాడికి కుటుంబాన్ని దగ్గర పెట్టుకునే ఇకామా ఇవ్వరు. మా ఆయన ఉద్యోగానికి ఇస్తారు, అతని ఉద్యోగానికి ఇవ్వరు. ఆ అమ్మాయి విజిట్ వీసా మీద మొగుణ్ణి చూసి పోదామని వచ్చింది. కడుపుతో ఉండగానే కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. తెలిసిన నర్సు ఒకామె ఇంట్లోనే పురుడు పోసింది. దాంతో పాపకు పుట్టిన కాగితం కూడా లేకపోయింది. విమానాలు మళ్లీ తిరిగేసరికి వీసా అయిపోయింది. వెళ్లాలంటే వేలిముద్రలు వేసి, తప్పు ఒప్పుకుని వెళ్లాలి. దాచిపెట్టినందుకు మొగుణ్ణి కూడా పంపించేస్తారు.

"ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటానే పాపకు అయిదేండ్లొచ్చెనక్కా" అంది.

వంటింట్లో పైన, గాలి కోసం పెట్టిన చిన్న కిటికీ ఒకటుంది. అందులోంచి రోడ్డు చూద్దామని పాప పొయ్యి గట్టు ఎక్కి పడిపోయింది. "ఏడ్సలేదక్కా. నోరు తెరిసింది, కండ్లల్లో నీళ్లు కారినాయి, శబ్దం మాత్రం రాలే. మర్సట్రోజు చెయ్యి వాసిందాకా ఎముక ఇరిగిందని నాకు తెలీలే." మందుల షాపులో పనిచేసే తెలిసినవాడు ఎవరో వచ్చి కట్టు కట్టాడు. కట్టు విప్పేసరికి చెయ్యి ఇలా ఉంది.

అలాంటి మోచేతిని బలవంతంగా లాగితే ఇంకా బిగుసుకుపోతుంది. ఎంతవరకు కదిలించవచ్చో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. మర్నాడు ఆసుపత్రిలో మేడమ్‌కు చెప్పాను. ఎక్స్‌రే ఎందుకు తీయించలేదని అడిగింది. కారణం చెప్పాను. ఆవిడ, "శుక్రవారం నన్ను తీసుకెళ్లు" అంది.

శుక్రవారం పొద్దున వెళ్లి తలుపు కొట్టాం. ఆ అమ్మాయి తలుపు కొంచెం తెరిచింది. నా వెనకాల నల్ల అబాయాలో తెల్ల మొహం చూసి, నేను నోరు తెరవకముందే, "యహాఁ కోయీ బచ్చా నహీఁ" అని హిందీలో అంది, ఇక్కడ పిల్లలెవరూ లేరని. ఎవరూ పిల్లల మాట ఎత్తనేలేదు.

"నేనేలేమ్మా. ఈమె మా మేడమ్. పాప చెయ్యి చూడను వచ్చింది" అన్నాను.

లోపలికి వెళ్లాం. మంచం మీద పాప లేదు. తల్లి పిలవబోతే మేడమ్ చెయ్యెత్తి ఆపింది. నేల మీద చాప లాక్కుని కూర్చుంది. "పిలవొద్దని చెప్పు. తనంతట తను రావాలి. కొంచెం బియ్యం, రెండు గిన్నెలు ఇమ్మను" అంది. తల్లి బియ్యం తెచ్చి ఇచ్చింది. మేడమ్ ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి, ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి పోస్తూ కూర్చుంది. గదిలో బియ్యం జారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చాలాసేపటికి మూలనున్న బీరువా తలుపు కదిలింది. వేలాడదీసిన బట్టల వెనకనుంచి పాప దిగి వచ్చింది.

మేడమ్ చేతిలో గిన్నె ఒరిగి బియ్యం చాప మీద పోయింది. ఏరడానికి కూడా ఆవిడ వంగలేదు. పాపే వచ్చి పక్కన కూర్చుని, మంచి చేత్తో గింజలు ఏరి గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి మేడమ్ గిన్నెను పాప ఎడమ చేతి వైపు జరిపింది. ఆ చెయ్యి ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో చూసింది. అది ఆటనుకుంది పాప.

తర్వాత మా ఇంటికి వచ్చాం. టీ ఇచ్చాను. మేడమ్ కప్పు రెండు చేతుల్లో పట్టుకుని, తాగకుండా కూర్చుని అంది.

"నేనూ బీరువాలో ఉండేదాన్ని."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏదో ఆట గురించి చెబుతోందనుకున్నాను.

వాళ్ల నాన్న ఇటలీకి దక్షిణాన ఒక బీద ఊళ్లో తాపీమేస్త్రీ. స్విట్జర్లాండ్‌లో రోడ్లు, ఆనకట్టలు, ఇళ్లు కడుతున్న కాలం అది. పనికి చేతులు కావాలి, ఇటలీవాళ్ల చేతులు చవక. సీజన్ పర్మిట్ అని ఇచ్చేవాళ్లట. ఏడాదిలో తొమ్మిది నెలలు పని, చలికాలం రాగానే ఇంటికి. సరిహద్దు స్టేషనులో మగవాళ్లందర్నీ చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టి, ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీసి, ఒంటి మీద పురుగుల మందు చల్లి లోపలికి పంపేవాళ్లు. ఉండటానికి చెక్క బ్యారక్‌లు. పెళ్లాం పిల్లలను తెచ్చుకోకూడదు.

"చట్టంలో మేం లేం. మా నాన్న భుజాలు మాత్రం ఉన్నాయి" అంది.

తల్లి టూరిస్టులా వచ్చి ఉండిపోయింది, ఒక లాండ్రీలో పనికి కుదిరింది. ఈవిడను కారు వెనక సీటు కింద దుప్పటి కప్పి తీసుకొచ్చారు. అప్పటికి నాలుగేళ్ల పిల్ల. జూరిచ్ దగ్గర ఒక చిన్న పట్టణంలో మేడ మీద ఒక గది. పొద్దున తల్లి పనికి పోతూ చెప్పేది: పరుగెత్తకు. పాడకు. కిటికీ దగ్గరికి పోకు. నీళ్లు వదలకు. ఎవరైనా తలుపు కొడితే బీరువాలోకి పో.

"బయట పిల్లలు బడికి పోయే చప్పుడు వినిపించేది. తిరిగి వచ్చే చప్పుడు వినిపించేది. వాళ్ల మొహాలు నాకు తెలియవు, బూట్ల చప్పుడు తెలుసు. ఎవరికి బూట్లు పెద్దవైపోయాయో, ఎవరు కుంటుతున్నారో చెప్పగలిగేదాన్ని."

ఇటలీవాళ్లకు అక్కడ ఒక పేరు ఉండేదట. ఆ మాట నాకు చెప్పలేదు. మురికివాళ్లు, కత్తులు దూస్తారు, మన ఆడవాళ్ల వెంటపడతారు, వాళ్ల వంట కంపు కొడుతుంది. ఇవీ మాటలు. కాఫీ హోటలు తలుపు మీద కుక్కలకూ ఇటాలియన్లకూ ప్రవేశం లేదని రాసి ఉండేదని వాళ్ల నాన్న చెప్పేవాడట. "అది నేను చూడలేదు. చూసినవాళ్లను చూశాను. మా నాన్న బతికినంతకాలం ఏ హోటల్లోకైనా అడుగుపెట్టే ముందు తలుపు మీద చదివేవాడు. ఏమీ రాసి లేకపోయినా చదివేవాడు."

వాళ్ల మేనమామ బెల్జియం బొగ్గు గనులకు పోయాడు. యుద్ధఖైదీల కోసం కట్టిన రేకుల షెడ్లలో అతన్నీ అతనిలాంటివాళ్లనూ పెట్టారు. ఇంకా వెనక తరంలో వాళ్ల తాతకు చిన్నాన్న ఒకాయన అమెరికాకు పోయాడు. చెరుకు తోటల్లో పని. ఆయన ఉన్నవైపు ఇటలీవాళ్లను తెల్లవాళ్లుగా చూసేవాళ్లు కాదు. కొందర్ని గుంపులుగా వచ్చి కొట్టి, ఉరితీసి చంపారు. ఆయన పేరు మార్చుకున్నాడు. మతం మానుకోలేదు గానీ, ఇంట్లో ఇటాలియన్ మాట్లాడటం మానుకున్నాడు. "ఆయన మునిమనవలు ఇప్పుడు మాకు క్రిస్మస్ కార్డులు పంపుతారు. ఇంగ్లీషులో" అంది.

"మరి మిమ్మల్ని ఎవరైనా పట్టుకున్నారా?" అని అడిగాను.

"కింద ఉండే ముసలావిడ చెప్పింది. పైన ఎవరో నడుస్తున్నారు, లెక్కలో లేని మనిషి అని. పోలీసు వచ్చాడు. మంచివాడే. బీరువాలోంచి దింపి నా కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టాడు. ఆ రోజు మొదటిసారి ఆ వీధి చూశాను. స్టేషనుకు తీసుకెళ్లే దారిలో."

సరిహద్దు దాటగానే ఇటలీ వైపు నన్‌లు నడిపే అనాథాశ్రమం ఒకటుంది. అమ్మానాన్నా ఉన్న పిల్లలతో అది నిండిపోయి ఉండేదట. కొండకు అవతల తల్లిదండ్రులు, ఇవతల పిల్లలు. ఆదివారాలు కొన్నిసార్లు తల్లి రైలెక్కి వచ్చేది. వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో పిల్లకు తెలిసేది కాదు. మాట్లాడకుండా ఉండటమే కదా అంతకాలం నేర్పింది.

కొన్నేళ్లకు తండ్రికి ఏడాది పొడుగునా ఉండే పర్మిట్ వచ్చింది. కూతుర్ని కాగితాలతో సహా తెచ్చుకున్నాడు. బడిలో వేస్తే, నోరు విప్పడం లేదని మందమతుల క్లాసులో కూర్చోబెట్టారు. పక్కన కూర్చున్న పిల్ల వెల్లుల్లి వాసన వస్తోందని బెంచీ మార్పించుకుంది. ఆ రోజుల్లోనే విదేశీయులను తగ్గించాలా వద్దా అని దేశమంతా ఓటింగ్ పెట్టారు. విదేశీయులంటే ఎక్కువగా వీళ్లే. ఓటు రోజు వాళ్ల నాన్న పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"పొమ్మన్నవాళ్లు ఓడిపోయారు. కొద్దిలో ఓడిపోయారు. అంటే మా వీధిలో దాదాపు సగంమంది మమ్మల్ని పొమ్మన్నారు. ఏ సగమో మాకు తెలియదు. మర్నాడు బ్రెడ్డు కొనడానికి వెళ్లాలి కదా, షాపువాడి మొహం చూస్తూ నిలబడ్డాం."

ఇలాంటి కథ వింటే ఎవరికైనా చివరికి బాగైందని వినాలని ఉంటుంది. నేనూ అదే అన్నాను. "మొత్తానికి పౌరసత్వం వచ్చింది, చదువుకున్నారు, ఇంత పెద్ద ఉద్యోగం..."

ఆవిడ కప్పు కింద పెట్టింది. పర్మిట్ వచ్చాక ఆవిడకొక తమ్ముడు పుట్టాడు. ఎప్పుడూ దాక్కోవాల్సిన అవసరం రానివాడు. ఇప్పుడు అక్కడే ఇళ్లు కట్టే కంపెనీ నడుపుతున్నాడు. బయటివాళ్లను రానివ్వకూడదనే పార్టీలో తిరుగుతాడు, వాళ్ల సభలకు కుర్చీలు పంపుతాడు. "వాడికి బీరువా సంగతి అమ్మానాన్నా చెప్పలేదు. సిగ్గుపడ్డారు. నేను చెబితే, నీకు చిన్నప్పటినుంచీ ఏదో ఒకటి ఊహించుకునే జబ్బు అంటాడు."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేది. బియ్యం పోయడం, బంతి దొర్లించడం, పాప చేత తల్లికి జడ వేయించడం, ఇలాంటివే వైద్యం. మోచెయ్యి కొంచెం కొంచెం సాగుతూ వచ్చింది. ఆవిడకు మోచేతికంటే పాప గొంతు మీద దిగులు ఎక్కువగా ఉండేది. నొప్పి పుట్టినప్పుడు పాప ఆ పాత పద్ధతిలోనే నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చేది.

"అరవమని చెప్పు. నొప్పి ఉంటే అరవాలి" అని నాతో అనేది.

నేను చెబితే పాప తల్లి వైపు చూసేది. తల్లి తల అడ్డంగా ఊపేది. "వద్దక్కా. కింద హారిస్ వింటాడు. మేడమ్‌కు చెప్పు. గమ్మునుండేది మేమే నేర్పినాము, ఇప్పుడు మరిపిస్తే మళ్లా నేర్పల్ల." హారిస్ అంటే బిల్డింగు కాపలావాడు.

మేడమ్ ఊరుకోలేకపోయింది. ఆసుపత్రిలో మా ఇకామాల పనులు చూసే మందూబ్ ఒకాయన ఉండేవాడు. పెద్దాయన, సౌదీ మనిషి. ఎవరి పేరూ చెప్పకుండా, ఇలాంటి కుటుంబం ఒకటి ఉంటే దారేమిటని అడుగుదామని నన్ను వెంట తీసుకుని వెళ్లింది. ఆయన గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసి, ఖర్జూరాలు ముందుకు జరిపి, అంతా విన్నాడు.

"దారి ఉంది. వెళ్లిపోవడమే దారి" అన్నాడు. "తల్లి వేలిముద్రలు వేయాలి. మళ్లీ రావడానికి ఉండదు. దాచిపెట్టినందుకు తండ్రి కూడా పోతాడు. బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ ఆమె బిడ్డేనని ముందు కాగితం పుట్టాలి. వాళ్ల ఎంబసీ చుట్టూ తిరగాలి, పరీక్షలు చేయించాలి."

"వెళ్లకపోతే?"

"పట్టుబడేదాకా ఉంటారు."

"ఆ పిల్ల ఏం తప్పు చేసింది?"

ఆయన ఖర్జూరాల పళ్లెం పక్కకు జరిపాడు. "మేడమ్, నాకూ మనవరాళ్లున్నారు. మీరు నన్ను అడిగింది నా మనసులో మాటా, కాగితాల మాటా? కాగితాల మాట చెప్పాను" అన్నాడు. లేచి మమ్మల్ని తలుపు దాకా సాగనంపాడు.

నడవాలోకి వచ్చాక, "నా కోటు గుండీలు పెట్టినాయన కూడా ఇంత మర్యాదగానే ఉన్నాడు" అంది.

వర్షాలు మొదలయ్యే రోజుల్లో హారిస్ నన్ను మెట్ల దగ్గర ఆపాడు. పైన ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఆ తెల్ల మేడమ్ వారం వారం ఎందుకొస్తోంది అని హిందీలో అడిగాడు. నా కోసమే వస్తుందని చెప్పాను. నమ్మినట్టు తల ఊపాడు. కొద్దిరోజులకే ఓనరు మనిషి వచ్చి, మా అంతస్తులో ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో ఇకామాలు చూస్తానన్నాడు. మొదట మా ఫ్లాటుకు వచ్చాడు. ఎదురింటి తలుపు కొడితే ఎవరూ తీయలేదు. మళ్లీ వస్తానని వెళ్లాడు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పింది. తూర్పు తీరాన ఖతీఫ్ అనే ఊళ్లో కూరగాయల తోటలో ఆయన చుట్టం ఒకడు పనిచేస్తున్నాడని, అక్కడ ఒక గది ఉందని చెప్పింది.

"మీ ఆయన ఉద్యోగం?"

"ఇడిసిపెడతాండాడక్కా. ఏం జేస్తాడు?"

అంటే కంపెనీ అతను పారిపోయాడని హురూబ్ రాసేస్తుంది. అప్పుడు ముగ్గురిలో కాగితం ఉన్న ఆ ఒక్కడికీ లేకుండా పోతుంది. నేనేదో అనబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్ మంచిది. ఆయమ్మది తప్పని నేననను. కానీ అక్కా, ఆయమ్మ రాకపోయింటే మేము ఇట్నే గమ్మున ఉండిపోయేవాళ్లం."

ఆ మాట నేను మేడమ్‌కు చేరవేయలేదు. ఖాళీ చేశారని మాత్రం చెప్పాను. ఆవిడ, "నా వల్లేనా?" అని ఒకే మాట అడిగింది. హారిస్ అడిగిన సంగతి దాచలేకపోయాను. ఆ రోజంతా పేషెంట్లను చూసింది. సాయంత్రం పోయేటప్పుడు తలుపు వేయడం మర్చిపోయి వెళ్లింది.

చలికాలంలో ఒక శుక్రవారం ఖతీఫ్ వెళ్లాం. మా ఆయన కారు నడిపాడు. నాలుగు గంటల ఎడారి దాటాక సముద్రపు గాలి తగిలింది. చేపల మార్కెట్టు దాటి, ఖర్జూరపు తోటల మధ్య మట్టిదారిలో చాలా దూరం పోయాక గది దొరికింది. సిమెంటు ఇటుకల గది, రేకు తలుపు, పక్కన నీళ్ల మోటారు. భర్త అక్కడ లేడు, కోత లోడు ఎక్కించడానికి పోయాడట.

పాప బయట ఉంది. ఎండలో, ఆకుకూర మళ్ల మధ్య, చెప్పులు లేకుండా నిలబడి ఉంది. ఆ పిల్లను ఆకాశం కింద చూడటం మాకు అదే మొదలు. కాస్త నల్లబడింది. మమ్మల్ని చూసి పరుగెత్తుకుంటూ వచ్చింది. పరుగెత్తడం చూసి మేడమ్ మొహం విచ్చుకుంది. మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపింది. పాప చెయ్యి పట్టుకుని చూసింది. మోచెయ్యి మళ్లీ బిగుసుకుపోయింది. అయినా ఆవిడ "పరవాలేదు, పరవాలేదు" అంటూ పాప జుట్టు సవరించింది. ఇద్దరూ మళ్ల గట్ల మీద నడిచారు. పాప ఏవో ఆకులు కోసి చూపించింది. మేడమ్ వాటికి ఇటాలియన్‌లో పేర్లు చెప్పింది. పాప ఒక్కో పేరూ పెదవులతో అనుకుంది.

దూరంగా మట్టిదారిలో బండి చప్పుడు వినిపించింది.

తల్లి తలుపు దగ్గరే ఉంది, పిలవలేదు. పాప మేడమ్ చెయ్యి వదిలి, గబగబా మళ్ల మధ్య కాలవలోకి దిగి, బోర్లా పడుకుంది. చేతులు ఒంటి కిందికి తీసుకుంది. నీళ్లున్నాయి అందులో. ఆకుల మధ్య గౌను అంచు కూడా కనిపించకుండా సర్దుకుంది. బండి మా దాకా రాలేదు, పక్క తోటలోకి మళ్లిపోయింది. మోటారు చప్పుడు పూర్తిగా ఆగేదాకా పాప కదలలేదు. లేచినప్పుడు గౌను ముందుభాగమంతా బురద. మొహంలో భయం లేదు. పని చేసి వచ్చినట్టుంది.

"ఎవరు నేర్పించారు?" అని అడిగాను.

"ఎవురూ నేర్పలేదక్కా. అదే నేర్సుకునింది" అంది తల్లి. గొంతులో కొంచెం ధైర్యం కూడా ఉంది, ఇంక ఫరవాలేదన్నట్టు.

మేడమ్ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. ఆవిడను లేపి గదిలోకి తీసుకురావడానికి చాలాసేపు పట్టింది. తల్లి టీ ఇచ్చింది. ఎక్కువసేపు ఉండనివ్వలేదు. కారు దారిలో కనిపిస్తే తోట ఓనరు మనుషులు అడుగుతారని చెప్పింది.

"అక్కా, మేడమ్‌కు నువ్వే చెప్పు. మళ్లా రావొద్దని చెప్పు. తెల్లామె వచ్చిపోయిందంటే అందరూ చూస్తారు. కోపం చేసుకోవద్దని చెప్పు."

నేను చెప్పకముందే ఆవిడకు అర్థమైంది. తల ఊపింది. పాప గౌను మీద ఆరిన బురదను చేత్తో దులిపింది. తిరుగు ప్రయాణంలో మా ఆయన ఒకసారి నీళ్లు కావాలా అని అడిగితే వద్దంది.

వేసవికి ముందు ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది. ఇంకొంతకాలం ఉండమని ఆసుపత్రి వాళ్లు అడిగారు. ఉండనంది. ఆ మధ్యలోనే రాయచోటి వాళ్ల ఫోను పనిచేయడం మానేసింది. ఖతీఫ్ వైపు తనిఖీలు జరిగాయని, చాలామందిని పట్టుకుపోయారని విన్నాను. వాళ్లు అందులో ఉన్నారో, ఇంకో తోటకు పోయారో తెలియలేదు. మా ఆయన స్నేహితుడొకడు రాయచోటిలో వాకబు చేశాడు. అక్కడికి రాలేదన్నారు. రాయచోటిలో ఆ పాపను చూసినవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ఆ పాప గురించి ఎవర్ని అడగాలో కూడా తెలియలేదు. మా ఎదురు ఫ్లాటులోకి కేరళవాళ్లు వచ్చారు.

మేడమ్ వెళ్లాక అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. మొదట పాప గురించి అడిగేది. తెలియదని చెప్పేదాన్ని. తర్వాత అడగడం మానేసింది. మొన్నామధ్య చేసినప్పుడు, తమ్ముడింట్లో భోజనానికి వెళ్లానని చెప్పింది. వాళ్ల నాన్న వర్ధంతి. తమ్ముడి పిల్లలు, వాళ్ల పిల్లలు అందరూ ఉన్నారట. తమ్ముడు తన పార్టీ వాళ్లు తేబోయే కొత్త చట్టం గురించి సంతోషంగా చెబుతుంటే, ఆవిడ ఉండబట్టలేక ఖతీఫ్ సంగతి చెప్పింది. కాలవలో పడుకున్న పిల్ల గురించి, తర్వాత తన బీరువా గురించి, పోలీసు గురించి, అన్నీ చెప్పింది. మొదటిసారి అందరి ముందూ చెప్పింది.

"మీ తమ్ముడు ఏమన్నాడు?"

"మనవాళ్లు వేరు అన్నాడు. మనవాళ్లు పని చేయడానికి వచ్చారు, ఆ దేశం పద్ధతులు నేర్చుకున్నారు, ఎవరికీ భారం కాలేదు అన్నాడు. ఆ పిల్ల సంగతి దాని అమ్మానాన్నా ముందే ఆలోచించుకోవాల్సింది అన్నాడు."

కింద ఉండే ముసలావిడ కూడా సరిగ్గా అదే అందట, పోలీసు ఈవిడను తీసుకుపోతుంటే, మెట్ల మీద నిలబడి.

"మీరేమన్నారు మేడమ్?"

"వాడి మనవరాలు చిన్నపిల్ల, నా వైపే చూస్తోంది. ప్లేట్లు తీసి వంటింట్లోకి వెళ్లాను."

అక్కడ వాన పడుతోందని చెప్పింది. ఇక్కడ దుమ్ము లేచిందని చెప్పాను. ఆరోగ్యం చూసుకొమ్మని ఇద్దరం ఒకరికొకరం చెప్పుకుని పెట్టేశాం.